మీ మోటారు మా దగ్గరున్నన్ని రోజులు

మా షాపుకు మోటార్లు, స్టార్టర్లు, ఫ్యాన్లు, మిక్సీలు తెచ్చే అన్నలకు, కాకలకు, అక్కలకు నమస్కారం. 2025 అక్టోబర్ 29న మొంథా తుపాను వానకు వరంగల్‌లో బొందివాగు పొంగి హంటర్ రోడ్డు వైపు నీళ్లు వచ్చిన రాత్రి, మోటార్లకు రాగి తీగ చుట్టే మన వైండింగ్ షాపులో మీ సామాన్లు 34 ఉన్నాయి. వాటి సంగతి ఫోన్‌లో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పాను. మొత్తం ఒక్కచోట చెప్పలేదు. రసీదు మీద ఇప్పుడు మీ సామాను ధర ఎందుకు రాయమంటున్నానో, వైండింగ్ రేటు 40 రూపాయలు ఎందుకు పెరిగిందో చాలామంది అడుగుతున్నారు. రెండింటికీ కారణం ఆ రాత్రే.

తెల్లారి షట్టర్ ఎత్తితే లోపల మోకాలి లోతు నీళ్లు. ముందు రోజే వార్నిష్ వేసి ఆరబెట్టిన మోటారు ఒకటి, పర్వతగిరి కాకది, గడప పక్కనే ఉండింది. స్టేటర్ (తీగ చుట్టే లోపలి భాగం) నిండా బురద పేరుకుని రాగి తీగ రంగే కనిపించలేదు. రెండు రోజులు కడిగి, బల్బుల వేడి పెట్టి ఆరబెట్టి, కరెంటు లీకవుతుందో లేదో చూసే మెగ్గర్ పెడితే ముల్లు సున్నా మీది నుంచి కదలలేదు. మూడు రోజుల పని, కిలోల కొద్దీ తీగ, అంతా పోయింది.

షాపుకు ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాను. మూడేళ్ల క్రితం లోన్ ఇచ్చిన బ్యాంకు వాళ్లే కట్టించిన పాలసీ అది. పేరు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష. అయిదు కోట్ల లోపు ఆస్తులున్న చిన్న వ్యాపారాల కోసం 2021 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ అమ్ముతున్నది. నిప్పు, వరద, తుపాను అన్నీ అందులో ఉన్నాయి. ఏటా ప్రీమియం కట్టాను, ఒక్కసారి కూడా విప్పి చదవలేదు.

కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చి చూసిన తర్వాత రెండు విషయాలు తెలిశాయి. మొదటిది, పాలసీ లోన్ మొత్తానికే ఉంది, 4 లక్షలకు. షాపులో నా సొంత సరుకు, మిషన్లు కలిపితే 7 లక్షల పైమాటే. సరుకు విలువ కంటే పాలసీ తక్కువైతే, ఆ లోటు 15 శాతం లోపు ఉంటే ఈ పాలసీలో పట్టించుకోరు. దాటితే నష్టాన్ని కూడా అదే లెక్కన తగ్గిస్తారు. 7 లక్షల సరుకుకు 4 లక్షల పాలసీ అంటే, 2,10,000 నష్టానికి 1,20,000 లెక్క. అందులోనూ కోతలు పోను వచ్చింది. రెండోది నన్ను ఎక్కువ బాధపెట్టింది. రిపేరుకు ఇచ్చిన కస్టమర్ల సామాను పాలసీలో లేదు. ఇతరుల సామాను మన దగ్గర ఉంటే, అది ఉందని పాలసీలో విడిగా రాయించాలట. మీ 34 సామాన్లకు ఒక్క రూపాయి రాలేదు.

తెలిసిన వకీలు సార్‌ను అడిగాను. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం తీసి చూపించారు. ఇతరులు మనకు అప్పగించిన వస్తువును, బుద్ధి ఉన్న మనిషి తన సొంత వస్తువును చూసుకున్నట్టు చూసుకోవాలని 151వ సెక్షన్. అలా చూసుకున్నాక కూడా పాడైతే బాధ్యత లేదని 152వ సెక్షన్. 'ఇది వరద, నువ్వు కట్టనవసరం లేదని వాదించొచ్చు' అన్నారు. రాత్రంతా ఆలోచించాను. 2023 జులైలో కూడా ఇదే రోడ్డు మునిగింది. అప్పుడు మా షాపు గడప దాకా నీళ్లు వచ్చి ఆగాయి. ఆ సంగతి తెలిసి కూడా మీ మోటార్లను కింద బండల మీదే పెట్టాను. నా కొత్త తీగ చుట్టలను మాత్రం పైన అటక మీద పెట్టుకున్నాను. ఇక సొంత వస్తువులా చూసుకున్నానని ఏ నోటితో చెప్పను?

అందుకే 34లో ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. 26 శుభ్రం చేసి, ఆరబెడితే నడిచాయి. 8 మళ్లీ చుట్టాల్సి వచ్చింది, ఖర్చు నాదే. వాటిలో ఆరు ఇచ్చేశాను. మిగిలిన రెండింటికి బాడీలే పగిలాయి. ఆ ఇద్దరికీ పాత మోటారు ధర నెల నెలా కడుతున్నాను. యాసంగి నాట్ల టైంలో మోటారు లేక అద్దెకు తెచ్చుకున్న వర్ధన్నపేట అన్నకు ఆ అద్దె కూడా ఇవ్వాల్సింది. నేను ఇవ్వలేకపోయాను. ఆ అన్న ఇప్పటికీ మన దగ్గరికే వస్తున్నాడు. నాకు మాత్రం ఆయన ముఖం చూడాలంటే ఇబ్బందిగానే ఉంటుంది.

సంక్రాంతి తర్వాత పాలసీ మార్చాను. సొంత సరుకుకు పూర్తి విలువ రాయించాను. 'రిపేరు కోసం కస్టమర్లు ఇచ్చిన సామాను' అని విడిగా ఒక లైను, దానికి 3 లక్షలు. ఆ లైను పాలసీ కాగితంలో పడిందాకా ఏజెంటును వదల్లేదు. దీంతో ప్రీమియం పెరిగింది, అందుకే వైండింగ్ రేటు 40 రూపాయలు పెంచాను. నాలుగడుగుల ఎత్తున ఇనుప ర్యాకులు కొట్టించాను, వానాకాలంలో ఏదీ కింద ఉండదు. రసీదు వెనక 'సామానుకు మా బాధ్యత లేదు' అని అచ్చువేయించిన పాత పుస్తకాలు తీసేశాను. కొత్త రసీదులో మోటారు హార్స్‌పవర్, కంపెనీ, నంబరు, మీరు చెప్పిన ధర ఉంటాయి. రేపు క్లెయిమ్ వస్తే సర్వేయర్ అడిగేది ఆ కాగితమే. దయచేసి ధర ఉన్నదున్నట్టు చెప్పండి, రసీదు ఇంట్లో భద్రంగా పెట్టుకోండి.

'ఇన్సూరెన్స్ మీద జీఎస్టీ తీసేశారు కదా, ఇంకా రేటు పెంచుడు ఏంది' అని ఒకరిద్దరు గట్టిగానే అడిగారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ పోయింది నిజమే. అయితే అది వ్యక్తులు తమకోసం, ఇంటివాళ్ల కోసం తీసుకునే లైఫ్, హెల్త్ పాలసీలకే. షాపు పాలసీకి 18 శాతం అలాగే ఉంది. నాకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఆ డబ్బు వెనక్కి రాదు. డిసెంబర్‌లో పార్లమెంటు చేసిన కొత్త చట్టంతో ఇన్సూరెన్స్ కంపెనీల్లో విదేశీ పెట్టుబడి 74 నుంచి 100 శాతం దాకా పోవచ్చు. దానివల్ల మన ప్రీమియం తగ్గినప్పుడు నేను కూడా రేటు తగ్గిస్తాను. అప్పటిదాకా 40 రూపాయలు తప్పవు.

పక్క షాపుల వాళ్లకు ఒక మాట. మా దగ్గరికి సర్వేయర్ ఆరో రోజున వచ్చాడు. క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ను కేటాయించాలని ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ 2024 జూన్‌లోనే ఆదేశం ఇచ్చిందని నాకు అప్పుడు తెలియదు. మీరు అడగండి. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నెల దాటినా జవాబు లేకపోతే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ తగాదాలు విని తీర్పు చెప్పే అధికారి, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఒంటరి యజమాని నడిపే షాపులు, సూక్ష్మ వ్యాపారాల పాలసీలు కూడా వింటారు, 50 లక్షల దాకా. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ఆ రెండు మోటార్ల కిస్తీలు ఆగస్టు నాటికి తీరుతాయి. అక్టోబర్‌లో ఇచ్చిన సామాను ఇంకా తీసుకెళ్లని వాళ్లు నలుగురున్నారు. మూడు ఫ్యాన్లు, ఒక మిక్సీ. అన్నీ తిరుగుతున్నాయి, పై ర్యాకులో ఉన్నాయి. పాత రసీదు లేకపోయినా పర్వాలేదు, వచ్చి తీసుకెళ్లండి.