డెట్రాయిట్ టైగర్స్ 1968 గెలుపు: నగరం గాయం మానిందనడం సరికాదు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక క్రీడల పేజీలో ఇటీవల వచ్చిన ఒక వ్యాసంలో, 1967 అల్లర్లలో తగలబడిన డెట్రాయిట్ నగరాన్ని మరుసటి ఏడాది టైగర్స్ బేస్‌బాల్ జట్టు గెలుపు ఒక్కటి చేసిందనీ, నల్లవారికీ తెల్లవారికీ మధ్య ఏర్పడ్డ గాయాన్ని ఆ ఆటే మాన్పిందనీ రాశారు. అమెరికాలోనూ ఈ మాట యాభై ఏళ్ళకు పైగా వినిపిస్తూనే ఉంది కనుక తప్పు మీ వ్యాసకర్త ఒక్కరిదే అనలేను. నేను డెట్రాయిట్ ఉన్న మిషిగన్ రాష్ట్రంలో కార్ల పరిశ్రమలో చాలాకాలం ఉద్యోగం చేశాను. ఆ సీజన్‌ను కళ్ళారా చూసిన సహోద్యోగుల పక్కన కూర్చుని భోజనం చేస్తూ ఆ ముచ్చట్లు ఎన్నోసార్లు విన్నాను. ఆ జట్టంటే నాకు ఎంతో ఇష్టం. ఇష్టం ఉన్నందువల్లే, అది చేసినదాన్ని చేసినట్టుగానూ చేయనిదాన్ని చేయనట్టుగానూ చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు అల్లర్ల సంగతి. 1967 జూలై 23 ఆదివారం తెల్లవారకముందే పన్నెండో వీధిలో లైసెన్సు లేకుండా నడుస్తున్న ఒక మద్యశాల మీద పోలీసులు దాడి చేశారు. వియత్నాం నుంచి తిరిగివచ్చిన ఇద్దరు సైనికుల కోసం అక్కడ విందు జరుగుతోంది. లోపల ఉన్న ఎనభై మందికి పైగా మనుషులను అరెస్టు చేసి వ్యానుల్లో ఎక్కిస్తుండగా బయట జనం పోగయ్యారు, రాళ్ళు లేచాయి, తర్వాత మంటలు లేచాయి. అవసరమైనప్పుడు పిలిచే నేషనల్ గార్డు అనే రాష్ట్ర సైనిక దళాలు సరిపోక సైన్యం కూడా దిగింది. అంతా చల్లబడేసరికి 43 మంది చనిపోయారు, వారిలో 33 మంది నల్లజాతివారు. అరెస్టయినవారు 7 వేల పైచిలుకు. అదే ఆదివారం మధ్యాహ్నం టైగర్స్ జట్టు తన స్టేడియంలో న్యూయార్క్ యాంకీస్‌తో వరుసగా రెండు ఆటలు ఆడింది. ఆట ముగిశాక, డెట్రాయిట్‌లోనే పెరిగిన నల్లజాతి ఆటగాడు విల్లీ హార్టన్ జట్టు దుస్తులు కూడా మార్చుకోకుండా ఆ వీధికి వెళ్ళి, ఒక కారు మీద నిలబడి, ఇళ్ళకు వెళ్ళిపొమ్మని జనాన్ని బతిమాలాడు. ఎవరూ వినలేదు. జట్టులోని తెల్లజాతి పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు) మికీ లోలిచ్ నేషనల్ గార్డు సభ్యుడు కావడంతో అదే అల్లర్లలో విధులకు పిలుపు వచ్చి, బంతి పక్కనబెట్టి సైనిక దుస్తులు వేసుకోవలసి వచ్చింది. ఒకే జట్టులోని ఇద్దరు మనుషులు ఒకే వారంలో ఒకే నగరంలో ఎక్కడెక్కడ నిలబడవలసి వచ్చిందో చూస్తే, ఆ నగరంలో ఉన్న చీలిక ఎలాంటిదో అర్థమవుతుంది.

ఆ ఏడాది టైగర్స్ ఆఖరి రోజు ఆఖరి ఆటలో ఓడిపోయి, ఒకే ఒక్క ఆట తేడాతో, రెండు పెద్ద లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్ టైటిల్‌ను బోస్టన్ జట్టుకు వదులుకుంది. 1968 సీజన్ ఆ ఓటమి మీంచే మొదలైంది. మొత్తం 162 ఆటల్లో 103 గెలిచి, రెండో స్థానంలో నిలిచిన బాల్టిమోర్ కంటే 12 ఆటల ముందంజతో లీగ్‌ను ముగించింది. డెనీ మెక్‌లెయిన్ అనే పిచ్చర్ ఒక్కడే 31 ఆటలు గెలిపించాడు. 1934లో డిజ్జీ డీన్ తర్వాత ముప్ఫై గెలుపులు అందుకున్న పిచ్చర్ మరొకరు లేరు, మెక్‌లెయిన్ తర్వాత ఇవాళ్టికీ లేరు. మీ వ్యాసం ఈ అంకెను బాగానే చెప్పింది. ఆ ఏడాది మొత్తం పిచ్చర్లదే రాజ్యమన్న సంగతిని కూడా జతచేసి ఉంటే పాఠకులకు ఇంకా మేలయ్యేది. అమెరికన్ లీగ్‌లో బ్యాటింగ్ సగటులో మొదటి స్థానం వచ్చిన కార్ల్ యస్ట్రెమ్‌స్కీ సగటు .301 మాత్రమే, అంటే పది ప్రయత్నాలకు మూడు హిట్లు. రెండో లీగైన నేషనల్ లీగ్‌లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ పిచ్చర్ బాబ్ గిబ్సన్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.12 పరుగులే ఇచ్చాడు. బ్యాటర్లు ఇంతగా చతికిలబడడంతో మరుసటి ఏడాది నుంచి పిచ్చర్ నిలబడే దిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10 అంగుళాలకు తగ్గించారు.

పత్రికా సంపాదకులైన మీకు ప్రత్యేకంగా చెప్పవలసిన సంగతి ఒకటుంది. ఆ సీజన్‌లో ఎక్కువ భాగం డెట్రాయిట్‌లో పెద్ద దినపత్రికలు రెండూ లేవు. 1967 నవంబరులో మొదలైన సమ్మె 1968 ఆగస్టు దాకా, 267 రోజుల పాటు నడిచింది. అందుకని జనం ఆటను రేడియోలోనే అనుసరించారు. ఎర్నీ హార్‌వెల్ వ్యాఖ్యానం ఇళ్ళ అరుగుల మీద, గ్యారేజీల్లో, ఫ్యాక్టరీ షిఫ్టుల మధ్య మోగుతూ ఉండేదని, వీధి ఈ కొసన నడక మొదలుపెట్టి ఆ కొస చేరేలోపు ఒక్క బంతి కూడా తప్పిపోయేది కాదని నా తోటి ఉద్యోగులు చెప్పేవారు. వారిలో నల్లవారూ ఉన్నారు, తెల్లవారూ ఉన్నారు. ఆ వేసవిలో అందరికీ ఉమ్మడిగా ఒక గొంతు, ఒక కబురు ఉన్నాయన్నది నిజం. స్టేడియానికి వచ్చిన ప్రేక్షకుల సంఖ్య ఆ జట్టు చరిత్రలో మొదటిసారి 20 లక్షలు దాటింది. దీన్ని నేను తక్కువ చేయడం లేదు.

వరల్డ్ సిరీస్‌కు వద్దాం. అమెరికన్ లీగ్ విజేత టైగర్స్‌కూ నేషనల్ లీగ్ విజేత కార్డినల్స్‌కూ మధ్య పోటీ అది, ముందు నాలుగు ఆటలు గెలిచిన జట్టుదే టైటిల్. మీ వ్యాసం మెక్‌లెయిన్‌ను ఆకాశానికెత్తి లోలిచ్‌ను ఒక్క వాక్యంతో సరిపెట్టడం నాకు బాధ కలిగించింది. మొదటి ఆటలో గిబ్సన్ 17 మందిని స్ట్రయికవుట్ చేసి (మూడు స్ట్రయిక్‌లతో అవుట్ చేసి) వరల్డ్ సిరీస్‌లో కొత్త రికార్డు సృష్టించాడు. ఆ రోజు అతని చేతిలో ఓడింది మెక్‌లెయినే. నాలుగు ఆటలయ్యేసరికి కార్డినల్స్ 3-1తో ముందుంది, టైగర్స్ గెలిచిన ఆ ఒక్కటీ లోలిచ్ గెలిపించిందే. డెట్రాయిట్‌లో జరిగిన అయిదో ఆట మొదటి ఇన్నింగ్స్‌లోనే లోలిచ్ 3 పరుగులిచ్చాడు. అయిదో ఇన్నింగ్స్‌లో టైగర్స్ 2-3తో వెనకబడి ఉన్నప్పుడు, కార్డినల్స్ జట్టులో అందరికంటే వేగంగా పరిగెత్తే లూ బ్రాక్ రెండో బేస్ నుంచి, పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేటు వైపు దూసుకొచ్చాడు. ఎడమవైపు మైదానంలో బంతి అందుకున్న విల్లీ హార్టన్ దాన్ని సూటిగా, ఆ ప్లేటు వద్ద ఉండే క్యాచర్ బిల్ ఫ్రీహన్‌కు విసిరాడు. బ్రాక్ నేల మీద జారుతూ వస్తాడనే అందరూ అనుకున్నారు, కానీ అతను నిలబడే వచ్చాడు. ఫ్రీహన్ తన ఎడమ పాదాన్ని ప్లేటుకు అడ్డంగా పాతి నిలిచాడు, అంపైర్ అవుట్ ఇచ్చాడు. ఆ పరుగు వచ్చి ఉంటే సిరీస్ అక్కడితో ముగిసిపోయేదేమో. ఏడాది కిందట కారెక్కి చేతులు జోడించి జనాన్ని వేడుకున్న మనిషే ఇప్పుడు ఆ త్రో విసిరాడు. ఏడో ఇన్నింగ్స్‌లో మేనేజర్ మేయో స్మిత్, బ్యాటింగ్‌లో ఏ మాత్రం నమ్మదగని లోలిచ్‌ను తప్పించకుండా బ్యాటింగ్‌కు పంపడం, అతను ఎలాగో ఒక బేస్ చేరుకోవడం, చివరికి ఆల్ కలైన్ కొట్టిన దెబ్బకు రెండు పరుగులు రావడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. టైగర్స్ 5-3తో గెలిచింది.

కలైన్ 1953లో పద్దెనిమిదేళ్ళ వయసులో ఈ జట్టులో చేరాడు. అతనికి అదే మొదటి వరల్డ్ సిరీస్. సీజన్ మధ్యలో చెయ్యి విరిగి దూరమైన అతనికి మళ్ళీ చోటు కల్పించడం కోసమే స్మిత్, సెంటర్ ఫీల్డర్ మికీ స్టాన్లీని అలవాటు లేని షార్ట్‌స్టాప్ స్థానానికి (రెండో, మూడో బేస్‌ల మధ్య) మార్చాడు. అంత పెద్ద సిరీస్‌కు ముందు అంత పెద్ద మార్పు చేయడానికి ఎంత గుండె ధైర్యం కావాలో ఆ ఆట తెలిసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. కలైన్ ఆ సిరీస్‌లో .379 సగటుతో ఆ నమ్మకం నిలబెట్టాడు.

అక్టోబరు 10న సెయింట్ లూయిస్‌లో జరిగిన ఏడో ఆటలో లోలిచ్ రెండు రోజుల విశ్రాంతితోనే గిబ్సన్‌కు ఎదురు నిలిచాడు. ఆరో ఇన్నింగ్స్‌లో బ్రాక్‌నూ కర్ట్ ఫ్లడ్‌నూ మొదటి బేస్ వద్ద ఏమరుపాటున పట్టి అవుట్ చేశాడు. ఏడో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యాక నార్మ్ క్యాష్, హార్టన్ బేస్‌లు చేరారు. జిమ్ నార్త్‌రప్ కొట్టిన బంతి మధ్యకు లేచింది. ఆ రోజుల్లో అత్యుత్తమ సెంటర్ ఫీల్డర్లలో ఒకడైన ఫ్లడ్ మొదట ముందుకు అడుగేసి, వెనక్కి తిరిగేటప్పుడు కాలు జారడంతో, బంతి అతని తలమీదుగా వెళ్ళిపోయింది. టైగర్స్ 4-1తో గెలిచింది. మూడు ఆటలూ మొదటినుంచి చివరిదాకా తానే బంతి వేసి గెలిపించిన లోలిచ్ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆ రాత్రి డెట్రాయిట్ వీధుల్లో నల్లవారూ తెల్లవారూ కలిసి గంతులేశారు. 'గాయం మానింది' అనే మాట పుట్టింది ఆ రాత్రి దృశ్యాల నుంచే.

నా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. ఒక రాత్రి కలిసి గంతులేసినవారు తెల్లారాక ఏ ఇళ్ళకు వెళ్ళారు, ఏ బడులకు తమ పిల్లలను పంపారు, పోలీసు కారు కనబడితే ఎవరికి గుండె దడదడలాడింది అన్నవే ఆ నగరం అసలు ప్రశ్నలు. అల్లర్ల కారణాలు తేల్చమని అధ్యక్షుడు జాన్సన్ నియమించిన కెర్నర్ కమిషన్ 1968 తొలి నెలల్లోనే, ఆ సీజన్ మొదలుకాకముందే, నివేదిక ఇచ్చింది. పోలీసుల తీరు, నిరుద్యోగం, నివాసాల్లో పాటించిన వేర్పాటు అని కారణాలు వివరంగా రాసింది, అమెరికా రెండు వేరువేరు సమాజాలుగా చీలిపోతోందని హెచ్చరించింది. వీటిలో ఏ ఒక్కదాన్నీ బేస్‌బాల్ జట్టు సరిచేయలేదు, చేయగలదని అనుకోవడమూ న్యాయం కాదు. డెట్రాయిట్ జనాభా 1960లో దాదాపు 16.7 లక్షలు, 1970లో 15.1 లక్షలు, 1980లో 12 లక్షలు. 1970 తర్వాతి పదేళ్ళలోనే నగరం మూడు లక్షల మందిని పోగొట్టుకుంది. 1971లో డెట్రాయిట్ పోలీసులు స్ట్రెస్ పేరుతో ఏర్పాటు చేసిన ప్రత్యేక దళం కాల్పుల్లో చనిపోయినవారిలో అత్యధికులు నల్లవారే. ఆ దళాన్ని రద్దు చేస్తానని చెప్పి 1973 ఎన్నికల్లో గెలిచిన కోల్‌మన్ యంగ్ ఆ నగరానికి మొదటి నల్లజాతి మేయర్ అయ్యాడు, 1974లో దాన్ని రద్దు చేశాడు. మానిపోయిన గాయం కోసం ఎవరూ ఇంత పోరాడరు.

జట్టు యాజమాన్యం చరిత్ర కూడా ఈ కథలో చేర్చవలసినదే. ఆధునిక కాలంలో పెద్ద లీగుల్లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ 1947లోనే బ్రూక్లిన్ తరఫున ఆడాడు. టైగర్స్ మొదటి నల్లజాతి ఆటగాణ్ణి, ఓజీ వర్జిల్‌ను, తీసుకున్నది 1958లో. అప్పటికి ఆ పని చేయని జట్టు ఇంకొకటే మిగిలింది. 1968 జట్టులోని హార్టన్, గేట్స్ బ్రౌన్, ఎర్ల్ విల్సన్ ఈ చరిత్ర తెలిసీ ఆ చొక్కా వేసుకుని ఆడినవారు. బ్రౌన్ ఒహాయో జైలులో శిక్ష అనుభవిస్తూ ఆడుతుండగా టైగర్స్ కంట్లో పడినవాడు, ఆ ఏడాది మరొకరి బదులుగా బ్యాట్ పట్టినప్పుడల్లా ప్రత్యర్థులను హడలెత్తించాడు. నగరాన్ని జట్టు మాన్పిందని రాస్తే, ఈ ముగ్గురూ మోసిన బరువు కనబడకుండా పోతుంది. వరల్డ్ సిరీస్ అయిదో ఆటకు ముందు గాయకుడు హోసే ఫెలిసియానో గిటారుతో జాతీయ గీతాన్ని తన పద్ధతిలో పాడితే దేశమంతటినుంచీ నిరసనలు వెల్లువెత్తిన సంగతినీ, ఏడో ఆటలో కాలు జారిన కర్ట్ ఫ్లడ్ మరుసటి ఏడాది చివర తనను అడగకుండా వేరే జట్టుకు మార్చడాన్ని ఒప్పుకోక కోర్టుకెక్కి, 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయిన సంగతినీ మీ వ్యాసం వదిలేసింది. ఆ సంవత్సరపు అమెరికాను ఆ సిరీస్ మైదానంలో చూడాలంటే వీటిలోనే కనబడుతుంది.

నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్ వంటి డెట్రాయిట్ శివార్లలో ఇవాళ ఎన్నో తెలుగు కుటుంబాలు ఉంటున్నాయి. తెల్లజాతి కుటుంబాలు నగరం వదిలి తరలిపోతున్న దశాబ్దాల్లోనే ఈ ఊళ్ళు విస్తరించాయి. మన పిల్లలు పెరుగుతున్నదీ అక్కడే కనుక ఆ నగరం కథ మన పాఠకులకు దూరపు వార్త కాదు. మీ వ్యాసానికి కొనసాగింపుగా కెర్నర్ నివేదిక గురించీ, మికీ లోలిచ్ గురించీ, విల్లీ హార్టన్ గురించీ ఇంకో వ్యాసం వేయించమని కోరుతున్నాను. ఆ సీజన్‌ను రేడియోలో విన్న తరం వయసు ఇప్పుడు డెబ్భై దాటింది. వారిని అడిగి రాయడానికి ఇంకా వీలుంది.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు,
హైదరాబాద్.