ఫోన్ బ్యాటరీ సలహాల్లో వేడికి చోటెక్కడ?

సంపాదకులకు నమస్కారం.

ఫోన్ బ్యాటరీని ఎక్కువ కాలం మన్నేలా చూసుకోవడం గురించి పత్రికల్లో తరచూ సలహాలు వస్తుంటాయి. వాటిలో కొన్ని పాత నికెల్-కాడ్మియం బ్యాటరీల కాలం నాటివి. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయ్యాకే నిండా చార్జ్ చేయాలన్నది అలాంటిదే. 1991లో సోనీ సంస్థ మార్కెట్లోకి తెచ్చి, క్రమంగా ఫోన్లన్నిటిలోకీ చేరిన లిథియం-అయాన్ బ్యాటరీకి ఆ నియమం వర్తించదు సరికదా, మాటిమాటికీ సున్నా దాకా దించడం దానికి చేటు కూడా. అన్నిటికన్నా ముందు చెప్పవలసిన వేడి సంగతి మాత్రం ఆ సలహాల్లో ఎక్కడో చివర ఒక్క వాక్యంతో సరిపెడుతున్నారు. నా అభ్యంతరం దాని మీదే.

బ్యాటరీ లోపల గ్రాఫైట్ ధ్రువం మీద, తొలి చార్జింగుల్లోనే ఒక పలుచని పొర ఏర్పడుతుంది. అది అవసరమైన పొరే. అది లేకపోతే రెండు ధ్రువాల మధ్య లిథియం అటూ ఇటూ ప్రయాణించే ఎలక్ట్రోలైట్ ద్రవం గ్రాఫైట్‌తో ఆగకుండా చర్య జరుపుతూ పోతుంది. అయితే ఆ పొర పెరగడం ఎప్పటికీ పూర్తిగా ఆగదు, పెరిగిన కొద్దీ మరికొంత లిథియాన్ని తనలో బంధించేసుకుంటుంది, అలా చిక్కుకుపోయిన లిథియం ఇక చార్జిని మోయడానికి పనికిరాదు. చాలా రసాయన చర్యల్లాగే ఇది కూడా ఉష్ణోగ్రత పెరిగితే జోరందుకుంటుంది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు వోల్టేజి 4.2 వోల్టుల దగ్గర, చాలా కొత్త ఫోన్లలో అంతకన్నా కొంత ఎక్కువగానే ఉంటుంది కాబట్టి, అప్పుడు రెండో ధ్రువం వైపు కూడా ఎలక్ట్రోలైట్ విచ్ఛిన్నమవడం ఎక్కువవుతుంది. అంటే నిండు చార్జి, వేడి రెండూ కలిసి గంటల తరబడి ఉంటే, ఫోన్‌ను ముట్టుకోకపోయినా బ్యాటరీ అరిగిపోతూనే ఉంటుంది.

రాత్రంతా చార్జింగులో పెట్టడం గురించిన భయాన్ని కూడా ఇలాగే అర్థం చేసుకోవాలి. బ్యాటరీ నిండగానే ఫోన్‌లోని సర్క్యూటే చార్జింగును ఆపేస్తుంది కనుక, చాలామంది అనుకునే ఓవర్‌చార్జింగ్ జరగదు. కానీ తెల్లవార్లూ 100 శాతం దగ్గరే నిలిచి ఉండటం, అదీ వేడి బయటికి పోయే దారి లేకుండా దిండు కిందో దుప్పటి మడతల్లోనో ఉండటం మంచిది కాదు. అద్దం గుండా ఎండ పడే చోట కారులో దారి చూపించడానికి బిగించి, చార్జరు తగిలించి ఉంచిన ఫోన్ పరిస్థితి ఇంకా అన్యాయం: ఎండ, వెలుగుతున్న తెర, జీపీఎస్, చార్జింగ్, నాలుగు వేడులూ ఒకేసారి. నా పాత ఫోన్ బ్యాటరీ ఉబ్బి వెనక మూతను పైకి లేపింది సరిగ్గా ఈ అలవాటు తర్వాతే. తప్పు నాదేనని ఒప్పుకుంటున్నాను.

ఫాస్ట్ చార్జింగును అందరూ నిందిస్తారు గానీ, అది మొదట్లో కరెంటును ధారాళంగా పంపి, బ్యాటరీ నిండే కొద్దీ తగ్గించుకుంటూ వస్తుంది. చల్లగా ఉన్న ఫోన్‌ను కాసేపు వేగంగా చార్జ్ చేయడం కన్నా, మామూలు చార్జరే తగిలించి గంటల కొద్దీ ఆటలాడటమే ఎక్కువ హాని అని నా అభిప్రాయం. వైర్‌లెస్ చార్జింగులో కొంత శక్తి వృథా అయి వేడిగా మారుతుందని, గడ్డకట్టే చలిలో చార్జ్ చేయడం కూడా మంచిది కాదని మాత్రం ఇక్కడ గుర్తుచేస్తాను.

ఇక తయారీదారుల హామీలు. నిండు బ్యాటరీ అంత చార్జిని వాడేస్తే దాన్ని ఒక చార్జింగ్ సైకిల్ అంటారు. ఐఫోన్ 14 వరకు 500 సైకిళ్లు, 15 నుంచి 1000 సైకిళ్లు పూర్తయ్యాక కూడా బ్యాటరీకి మొదటి సామర్థ్యంలో 80 శాతం మిగిలి ఉంటుందని ఆపిల్ చెబుతోంది. యూరోపియన్ యూనియన్ అయితే 2025 జూన్ 20 నుంచి అమ్మకానికి వచ్చే ఫోన్లకు కనీసం 800 సైకిళ్లన్న నియమం పెట్టింది. రెండు రోజుల్లో సగం సగం చొప్పున వాడినా లెక్కకు ఒక్క సైకిలే కనుక, ఎన్నిసార్లు వైరు తగిలించామన్న ఆందోళన అనవసరం. అయితే ఆపిల్ మాట ఆదర్శ పరిస్థితులకు సంబంధించినది. పరిసరాల వేడి 35 డిగ్రీల సెల్సియస్ దాటిన చోట ఫోన్ వాడవద్దని అదే సంస్థ సూచిస్తోంది. సైకిళ్ల అంకె ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించి, ఈ హెచ్చరిక సూచనల పేజీల్లో దాక్కోవడం నాకు న్యాయంగా తోచదు.

ఇప్పుడు చాలా ఫోన్లలో చార్జింగును 80 శాతం దగ్గర ఆపే సదుపాయం ఉంది. అది ఎక్కడో సెట్టింగుల్లో మూడు మెనూల వెనక ఉండే బదులు, కొత్త ఫోన్ మొదటిసారి ఆన్ చేసినప్పుడే కావాలా వద్దా అని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. బ్యాటరీ శాతం పక్కనే దాని ఉష్ణోగ్రతను కూడా చూపించాలని తయారీదారులను కోరుతున్నాను. మీ పత్రికలో ఈసారి ఇలాంటి సలహాలు అచ్చు వేసేటప్పుడు వేడి గురించిన మాటను మొదటి వరుసలో పెట్టాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు