రిపోర్టులో లేని పరీక్ష

చిరంజీవి చిన్నాకి,

అమ్మ ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన కంపెనీ మెడికల్ చెకప్ కాగితం చూశాను. బీపీ, షుగర్, హిమోగ్లోబిన్, కిడ్నీల పనితనం చెప్పే క్రియాటినిన్ 0.9. అన్నీ నార్మలే అన్నావు. ల్యాబ్‌లో రోజూ ఆ క్రియాటినిన్ చేసేదాన్ని కాబట్టి చెబుతున్నాను, సీసం కరిగించే చోట పనిచేసేవాళ్లు ఆ ఒక్క అంకె చూసుకుని ధైర్యంగా ఉండకూడదు. కిడ్నీల పనితనం సగానికి పడిపోయేదాకా కూడా అది నార్మల్‌లోనే ఉండొచ్చు. మీకు ముందు చేయాల్సింది రక్తంలో సీసం ఎంతుందో చూసే పరీక్ష. అది ఆ కాగితంలో ఎక్కడా లేదు.

సీసం పొగలోనూ దుమ్ములోనూ ఊపిరితో లోపలికి పోతుంది, చేతికంటింది అన్నంతో పోతుంది. రక్తంలో చేరింది నెల రోజుల్లో సగానికి తగ్గుతుంది గానీ, చాలావరకు ఎముకల్లోకి వెళ్లి ఏళ్ల తరబడి అక్కడే ఉండి, మెల్లమెల్లగా మళ్లీ రక్తంలోకి దిగుతుంటుంది. రక్తం వడకట్టాక ఒంటికి కావాల్సినవి వెనక్కి తీసుకునే సన్నటి గొట్టాలు కిడ్నీలో ఉంటాయి. దెబ్బ ముందు వాటికే తగులుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ వాటి చుట్టూ మచ్చ కట్టి కిడ్నీ కుంచించుకుపోతుంది. నొప్పి ఉండదు, మూత్రం మామూలుగానే వస్తుంది. బీపీ పెరుగుతుంది. యూరిక్ యాసిడ్ బయటికి పోక కాలి బొటనవేలు వాస్తుంది, కీళ్లు పట్టేస్తాయి.

నాకు ఎక్కువ భయం ఇక్కడే. కీళ్లనొప్పులంటే మనవాళ్లు మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర కొనుక్కుని వారాల తరబడి మింగుతారు. అసలే సీసంతో నలుగుతున్న కిడ్నీకి అది రెండో దెబ్బ. మీ ఫర్నేస్ దగ్గర పెద్దాయన నొప్పి మాత్ర వేసుకోనిదే డ్యూటీకి రాడన్నావు కదా, ఆయన్ని బీపీ, యూరిక్ యాసిడ్, మూత్రంలో ప్రొటీన్ చూపించుకోమను. తను చేసే పనేంటో డాక్టరుకి నోరు తెరిచి చెప్పమను. చెప్పకపోతే బీపీ వల్లే కిడ్నీ పోయిందని రాసేస్తారు, సీసం ఊసే రాదు.

పరీక్ష సంగతికొస్తే, రక్తంలోని సీసం దాదాపు అంతా ఎర్ర కణాల్లోనే ఉంటుంది. అందుకని ఆ కణాలు తీసేశాక మిగిలే సీరం పనికిరాదు, మొత్తం రక్తం కావాలి. వయొలెట్ మూత ట్యూబులో తీస్తారు. సూది గుచ్చేముందు చెయ్యి సబ్బుతో బాగా కడుక్కో, చర్మం మీది పొడి కలిస్తే అంకె తప్పొస్తుంది. అమెరికా వాళ్ల 1978 నిబంధనలో డెసిలీటరుకి 60 మైక్రోగ్రాములకి చేరితే ఆ పని నుంచి తప్పించాలని ఉంది. అది ఏనాటి మాటో! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో, 5 ఉన్నా సరే సీసం ఎక్కణ్నుంచి వస్తోందో వెతికి ఆపమంది. కాబట్టి నీకు 40 వచ్చి, లిమిట్‌లోనే ఉందని ఎవరైనా అంటే ఒప్పుకోకు. మన 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే సీసం విషాన్ని ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల్లో పెట్టారు. పరీక్ష చేయించమనడం గొంతెమ్మ కోరికేం కాదు, నీ కింద పనిచేసేవాళ్లందరి తరఫునా అడుగు.

దుమ్ముకి విరుగుడని బెల్లం ముక్క పంచుతారట. బెల్లం సీసాన్ని ఏమీ చేయలేదు. ఖాళీ కడుపుతో మాత్రం వెళ్లకు, అప్పుడే సీసం ఒంట్లోకి ఎక్కువ ఇంకుతుంది. కాల్షియం, ఐరన్ తక్కువైనా అంతే, అందుకే రాగిజావ మానొద్దంటున్నాను. మూతికి జేబురుమాలు కట్టుకుంటే ఆ పొగ ఆగదు, ముఖానికి బిగుతుగా పట్టే మాస్కు అడిగి తీసుకో. పొడి చీపురుతో ఊడవనివ్వకు, తడిపి తుడిపించు. డ్యూటీ బట్టలు అక్కడే విప్పి స్నానం చేసి రా. ఇంట్లో పాకే బుజ్జిది ఉంది, ఆ పొడి దాని చేతికీ నోటికీ చేరకూడదు.

సీసాన్ని లాగేసే ఇంజెక్షన్ ఉంది కదా అని ఎవరైనా అంటే వినకు. ఉన్నమాట నిజమే, కానీ పనిలో ఉంటూనే అది ఎక్కించుకుంటే ఉపయోగం లేదు, ఆ మందు కిడ్నీకి కూడా భారమే. ముందు సీసం లోపలికి రావడం ఆగాలి.

వచ్చేవారం సెలవుకి రాగానే రక్తం నేనే తీసి పెద్ద ల్యాబుకి పంపిస్తాను. ఆ తర్వాత ఆరు నెలలకోసారి చేయిద్దాం. ప్రతి రిపోర్టూ ఒక జిరాక్స్ నా దగ్గర ఉంచు.

నీ
అమ్మ