పాల్నా తలుపు ఐదింటికే మూస్తే, ఏడింటికి వచ్చే తల్లి ఏం చేయాలి?

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారాలు.

పాల్నా అంటే పనికి వెళ్ళే తల్లుల పిల్లలను అంగన్‌వాడీలోనే క్రెచ్ (పసిపిల్లల సంరక్షణ కేంద్రం) పెట్టి చూసుకునే పథకం. దాని గురించి మీకు కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. అర్జీలు పెట్టినప్పుడల్లా "తగు చర్య నిమిత్తం పంపడమైనది" అన్న ఒక్క వాక్యమే తిరిగొచ్చింది. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాం.

నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. పథకం కాగితంలో ఉన్న వేళ ఇది. తొమ్మిదిన్నరకు తెరిస్తే ఐదింటికి తాళం. ఈ వేళలో పనికి వెళ్ళి తిరిగి రాగలిగే తల్లి ఎవరో ఒక్కసారి లెక్క చూడండి. ఫ్యాక్టరీలో షిఫ్టు ఎనిమిది గంటలు, భోజనానికి అరగంట, బస్సుకు రానూ పోనూ గంటన్నర. అక్కడికే పది గంటలు. పారిశుద్ధ్య కార్మికురాలు తెల్లారకముందే మస్టర్‌కు, అంటే హాజరు వేయించుకోవడానికి, చేరాలి. బట్టల దుకాణంలో పనిచేసే అమ్మాయి రాత్రి తొమ్మిదికి గాని బయటపడదు. పత్తి తీతకు, మిరప కోతకు ఆటో ఎక్కే కూలీలు పొద్దున ఏడింటికల్లా ఊరు దాటుతారు. వీళ్ళలో ఏ ఒక్కరికీ ఆ ఏడున్నర గంటలు చాలవు. మిగతా వేళ బిడ్డను ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. చాలా ఇళ్ళలో ఆ మనిషి ఎనిమిదేళ్ళ అక్క. చెల్లి కోసం ఆమె బడి మానేస్తుంది.

ఇక ఆ ఏడున్నర గంటలైనా నడిపేది ఎవరు? ఇరవై ఐదుగురు పిల్లలకు ఒక క్రెచ్ టీచర్, ఒక ఆయా. టీచర్‌కు నెలకు 5,500, ఆయాకు 3,000 గౌరవ వేతనం. 26 రోజులకు పంచి చూడండి: టీచర్‌కు రోజుకు 211 రూపాయలు, ఆయాకు 115. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఉపాధి హామీ కూలి రోజుకు 307. పసిపిల్లల ప్రాణాలు చూసుకునే మనిషికి మట్టి పని కూలి కన్నా తక్కువ ఇస్తూ, ఆమె నిలకడగా ఉండాలని ఎలా అనుకుంటాం? అదే చోట ముందునుంచీ పనిచేసే అంగన్‌వాడీ టీచర్‌కు అదనంగా 1,500, అంగన్‌వాడీ ఆయాకు 750 కలుపుతారు. ఆ 750 రోజుకు 29 రూపాయలు కూడా కాదు.

డబ్బు ఆలస్యమైతే మొదట మానేసేది ఆయా. ఆయా లేకపోతే ఏమవుతుందో దగ్గరగా చూసినవాళ్ళకే తెలుస్తుంది. ఏడాది లోపు బిడ్డకు రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి, గుడ్డలు మార్చాలి, జోకొట్టాలి. ఒక బిడ్డను కడుగుతుంటే మరో బిడ్డ గడప దాటేస్తుంది. ఒంటరిగా మిగిలిన టీచర్ తనకు చేతనైంది చేస్తుంది: "నడక వచ్చాక తీసుకురామ్మా" అంటుంది. ఆమెను తప్పు పట్టలేం. కానీ ఆ మాటతో ఆరు నెలల బిడ్డకు తలుపు మూసుకుపోయింది. రిజిస్టర్‌లో మాత్రం కేంద్రం నడుస్తున్నట్టే ఉంటుంది. పథకం ఆరు నెలల నుంచి ఆరేళ్ళ దాకా అంటుంది, లోపల కనిపించేది మూడేళ్ళు దాటినవాళ్ళే. వాళ్ళకు అంగన్‌వాడీ ఎలాగూ ఉంది కదా!

జాగా సంగతి కూడా చెప్పాలి. పట్టణాల్లో చాలా అంగన్‌వాడీలు అద్దె గదుల్లో, ఒకే గదిలో ఉన్నాయి. ఒక మూల గ్యాస్ పొయ్యి, ఒక మూల పెద్ద పిల్లల పాటలు, మధ్యలో చాప మీద పసివాళ్ళు. అక్కడ బిడ్డ ఎలా నిద్రపోతుంది? అదనపు గది లేని చోట క్రెచ్ బోర్డు తగిలించొద్దని వేడుకుంటున్నాం.

దేశమంతటికీ మీరు పెట్టుకున్న లక్ష్యం 17,000 అంగన్‌వాడీ క్రెచ్‌లు. అంగన్‌వాడీలేమో దాదాపు 14 లక్షలు. ఎనభై అంగన్‌వాడీలకు ఒక్క క్రెచ్ అన్నమాట. మిగతా తల్లులు ఇంట్లో కూర్చోవాలి, లేదంటే ప్రైవేటు డేకేర్‌కు కట్టాలి. పన్నెండు వేల జీతంలో ఐదారు వేలు అక్కడే పోతే ఆ ఉద్యోగం ఎందుకని ఇంట్లోవాళ్ళే అడుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో తల్లికి వందనం డబ్బు ఒకటో తరగతి నుంచి వస్తుంది, మంచిదే. కానీ తల్లి పని మానేసేది బిడ్డ ఒకటో తరగతికి వచ్చాక కాదు, ఆరో నెలలో.

యాజమాన్యాలు చూసుకుంటాయి అనుకోవడానికీ లేదు. 2017 నుంచి చట్టంలో ఉన్నదీ, ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్ 67వ సెక్షన్‌లో ఉన్నదీ ఒకటే: యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థే క్రెచ్ వసతి కల్పించాలి. నలభై మందితో నడిచే దుకాణం దాని కిందికి రాదు. ఇళ్ళల్లో పనిచేసే ఆమె అసలే రాదు. అయితే అదే సెక్షన్‌లో ఒక మంచి మాట ఉంది: కొన్ని సంస్థలు కలిసి ఉమ్మడి క్రెచ్ పెట్టుకోవచ్చు, ప్రభుత్వ క్రెచ్‌ను కూడా వాడుకోవచ్చు. అచ్యుతాపురం, పాశమైలారం లాంటి పారిశ్రామిక వాడల్లో పాల్నా కేంద్రం పెట్టి, చుట్టూ ఉన్న యాజమాన్యాల చేత వాటా కట్టించడానికి చట్టం అడ్డు రాదు. ఖర్చులో కేంద్రం 60, రాష్ట్రం 40 వాటాల దగ్గర ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చునే బాధ కొంతైనా తగ్గుతుంది.

అమ్మా, మేము అడిగేది ఇది. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా తెరిచి ఉంచండి. దానికి రెండు జట్లు కావాలి: ఒక జట్టు ఏడు నుంచి రెండు దాకా, మరో జట్టు పన్నెండు నుంచి ఏడు దాకా. తిండి పెట్టి నిద్రపుచ్చే ఆ రెండు గంటలూ నలుగురు మనుషులు ఉంటారు. జీతం కనీసం ఉపాధి హామీ కూలికి తగ్గకుండా, నెల మొదటి వారంలో నేరుగా ఖాతాలో వేయండి. ఏడాది లోపు పిల్లలు ఎంతమంది వస్తున్నారో వేరుగా లెక్క రాయించండి, ఆ లెక్క బయట పెట్టండి. సాయంత్రం అదనపు వేళకు కొంత రుసుము కట్టమంటే తల్లులు కడతారు. పాత జాతీయ క్రెచ్ పథకంలోనూ ఆదాయాన్ని బట్టి 20, 100, 200 రూపాయలు కట్టేవాళ్ళే.

ఇవన్నీ ఒకేసారి కుదరకపోతే, ముందు ఆ ఏడున్నర గంటల అంకె మార్చండి. దయచేసి ఈసారి "తగు చర్య నిమిత్తం" అని రాయకండి. ఏ నెల నుంచి మారుస్తారో రాయండి.

ఇట్లు,
పనికి వెళ్ళే తల్లుల తరఫున