మింగగలరో లేదో ముందు చూడండి

సంపాదకులకు నమస్కారం.

అన్నం తింటూ పొలమారితే ‘ఎవరో తలుచుకుంటున్నారు’ అని నెత్తిన తట్టడం మన ఇళ్లలో అలవాటు. పక్షవాతం వచ్చిన మా అమ్మకు పొలమారినా మేం అలాగే తట్టి ఊరుకున్నాం. నిరుడు ఆమెను ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో చేర్చాం. బీపీ, షుగర్, మందుల చీటీ, డైపర్ సైజుతో సహా అన్నీ రాసుకున్నారు. మింగగలదా అని మాత్రం ఎవరూ అడగలేదు. చెప్పాలని మాకూ తోచలేదు.

ఆయమ్మ మంచి మనిషే. కానీ ఒక్కతే ఆరుగురికి తినిపించాలి. అమ్మను దిండుకు కాస్త ఆనించి గబగబా చారన్నం, వెంటనే నీళ్లు. గిన్నె ఖాళీ అయితే తిన్నట్టే లెక్క. నెలలో రెండుసార్లు జ్వరం వచ్చింది. రెండోసారి ఆస్పత్రిలో నిమోనియా అన్నారు. తిండీ నీళ్లూ కొంచెం కొంచెంగా ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయట. పక్షవాతం, పార్కిన్సన్స్, మతిమరుపు జబ్బు ఉన్న కొందరికి గొంతులో స్పర్శ తగ్గిపోయి, మెతుకు దారి తప్పినా దగ్గే రాదని అప్పుడు తెలిసింది.

అక్కడి స్పీచ్ థెరపిస్టు అమ్మను నిటారుగా కూర్చోబెట్టి, నాలుక కదలిక చూసి, దగ్గమన్నారు. ఒక్క టీస్పూన్ నీళ్లిచ్చి, గొంతు మీద వేళ్లు పెట్టి గుటక ఎలా పడుతోందో చూశారు. తర్వాత ‘ఆ’ అనమంటే గొంతు గరగరమంది. అనుమానం తీరడానికి ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి చూశారు. నీళ్లు దారి తప్పుతున్నాయి, చిక్కటి రాగిజావ మాత్రం సరిగ్గా దిగుతోంది. మేమేమో అడ్డం పడకూడదని అన్నీ పలచన చేయించి పోయించాం! అందరికీ చిక్కనిదే మంచిదనీ కాదు, కొందరికి అది గొంతులోనే నిలిచిపోతుందట. ఎవరికి వారికి చూడాల్సిందే.

స్పీచ్ థెరపిస్టు అంటే మాటలు నేర్పేవారనే అనుకుంటాం; మింగడంలో ఇబ్బందిని పరీక్షించడమూ వారి పనే. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ (మాట, వినికిడి లోపాలకు సంబంధించినది) కేంద్రంలో స్పీచ్ థెరపీ చదువు ఉంది. వృద్ధాశ్రమాల్లో వైద్య సేవల ప్రమాణాలు నిర్ణయించే వీలు 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం 19వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. మంచాన పడ్డవారిని చేర్చుకున్న రోజే, నోటికి ఏదీ అందించకముందే మింగే పరీక్ష చేయాలని ప్రభుత్వం ఆ ప్రమాణాల్లో చేర్చాలి. జ్వరం వచ్చినా, మళ్లీ స్ట్రోక్ వచ్చినా తిరిగి చేయాలి. ఏది, ఎంత చిక్కగా, ఎలా కూర్చోబెట్టి పెట్టాలో తెలుగులో రాసి మంచం పక్కన గోడకు అంటించాలి. రాత్రి డ్యూటీకి కొత్తగా వచ్చిన ఆయమ్మకు కూడా అది కనిపించాలి.

ఒక పాఠకురాలు,
సికింద్రాబాద్