మన ముద్గరాలే సముద్రం దాటాయి

సంపాదకులకు,

జిమ్ అంటే తెల్లవాళ్లు నేర్పిన విద్యేనని మా పేట కుర్రాళ్ల నమ్మకం. కానీ మన వస్తాదులు తాలింఖానాల్లో (పాతకాలపు వ్యాయామశాలల్లో) తిప్పిన గదల్లాంటి కర్ర ముద్గరాలను చూసి నేర్చుకున్న బ్రిటిష్ సైనికులు 19వ శతాబ్దంలో వాటిని ఇంగ్లండుకు పట్టుకెళ్లారు. 'ఇండియన్ క్లబ్స్' పేరుతో అవి అమెరికా దాకా పాకాయి. 1904, 1932 ఒలింపిక్స్‌లో వాటిని తిప్పడం ఒక పోటీ కూడా! ఇప్పుడు అవే మనకు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, అది వేరే సంగతి.

మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు కసరత్తు చేసిన రోజుల్లో ఈ మెషిన్లెక్కడివి? ఉత్తరాంధ్ర పల్లెల్లో సంగిడీలు (బరువైన రాళ్లు) ఎత్తే పోటీలు నేటికీ ఉన్నాయి. 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిదీ శ్రీకాకుళం జిల్లాయే.

మా పేట తాలింఖానాకు తాళం పడి ఏళ్లయింది. తాళంచెవి ఎవరి దగ్గరుందో చెబితే ఊడ్చే పని మేమే చూసుకుంటాం.

— ఒక పాఠకుడు, విజయనగరం