రెండు కాళ్లూ కదలని రోగికి దారి చూపినవారికి మా కృతజ్ఞతలు

పర్లాకిమిడి వైపు పనిచేసే మా వైద్య బృందం తరఫున ఈ నాలుగు మాటలు. ఇంటివాళ్లు ఒప్పుకున్నాకే రాస్తున్నాం.

తెల్లారి లేచేసరికి కాళ్లు రెండూ కదలకపోతే ఎవరైనా పక్షవాతమనే అనుకుంటారు. కానీ మూతి వంకరపోలేదు, మాట తడబడలేదు, చెయ్యి వేస్తే స్పర్శ తెలుస్తోంది. బీపీ మాత్రం బాగా ఎక్కువ. ఈసీజీలో టీ తరంగం చదునైపోయి, దాని వెనకే యూ తరంగం లేచిందని, అది రక్తంలో పొటాషియం తగ్గిన గుర్తని వేలు పెట్టి చూపించిన టెక్నీషియన్ తమ్ముడికి మొదటి దండం.

ల్యాబు అక్కకు ఎంత చెప్పినా తక్కువే. మొదటి రక్తంలో పొటాషియం 3.6 వచ్చింది, అంటే మామూలుగానే ఉన్నట్టు. గొట్టంలో పైకి తేలిన సీరం గులాబీ రంగులో ఉందని ఆవిడ ఆ రిపోర్టు ఇవ్వలేదు. ఎర్రకణాలు చిట్లితే వాటిలోని పొటాషియం బయటికొచ్చి, అసలు లోటును కప్పేస్తుంది. పిడికిలి బిగించనివ్వకుండా మళ్లీ తీస్తే 2.0!

నీరసమంటే గ్లూకోజు బాటిల్ ఎక్కించమనడం మన ఊళ్లలో మామూలే. ఇక్కడ అది ప్రమాదం: గ్లూకోజుతో ఇన్సులిన్ పెరిగి, ఉన్న కాస్త పొటాషియం కూడా కణాల్లోకి పోతుంది. బంధువులు ఎంత ఒత్తిడి చేసినా ఒప్పుకోని సిస్టరుగారు, 500 మి.లీ. నార్మల్ సెలైన్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం క్లోరైడ్ కలిపి, రెండు గంటలపాటు మానిటర్ చూస్తూ ఎక్కించారు. దాన్ని నేరుగా నరంలోకి పొడిస్తే గుండె ఆగిపోతుంది.

పాత చీటీలు వెతికి, బీపీ మాత్రలో నీరు పోయే మందు కూడా కలిసుందని చెప్పిన మందుల షాపు బాబాయిగారికీ రుణపడ్డాం. అసలు జబ్బు కిడ్నీ మీదుండే అడ్రినల్ గ్రంథిలో లేచిన గడ్డ. అది విడిచే ఆల్డోస్టెరాన్ అనే హార్మోను ఉప్పును పట్టి ఉంచి పొటాషియాన్ని మూత్రంలో పారబోస్తుంది. ఆ మాత్ర దానికి తోడైంది.

ఈ జబ్బులో ఆల్డోస్టెరాన్ ఎక్కువగా, కిడ్నీ విడిచే రెనిన్ తక్కువగా ఉంటాయి. ఆ రెండు పరీక్షలకని, విశాఖ ల్యాబువాళ్లు ఫోన్‌లో ఆపకపోతే రక్తాన్ని ఐసులో పెట్టి పంపేవాళ్లం. ఐసులో ప్రోరెనిన్ (రెనిన్ ముందు రూపం) రెనిన్‌గా మారి, తక్కువ రెనిన్ ఎక్కువగా కనిపిస్తుంది, జబ్బు చేజారిపోతుంది. "రక్తం కాదు, మనిషినే పంపండి, ముందు పొటాషియం 4కి తెండి" అన్నారు. పొటాషియం తక్కువుంటే ఆల్డోస్టెరాన్ కూడా తగ్గి కనబడుతుంది మరి.

రేగుపండంత గడ్డను లాపరోస్కోపీతో తీసిన సర్జన్లకు నమస్కారాలు. ఆపరేషనయ్యాక పొటాషియం ఒక్కోసారి మితిమీరి పెరుగుతుంది కనుక నాలుగు వారాలు, వారానికోసారి పరీక్ష తప్పదు. రోగి గుణుపురం పాసింజరు దిగిన దగ్గర్నుంచి ఆ బాధ్యతంతా నెత్తినేసుకున్న ఆశా దీదీకి, మూడో పరీక్ష చీటీ నిన్ననే మాకు చేర్చినందుకు, ప్రత్యేకంగా దండాలు.